నోట మాత్రమే ఉన్న నవల

అమెరికాలోని అరోరాలో పర్సిస్ వాళ్ళ పక్కింటి సెవెర్ ద్రగోమిర్ ఒక నవల రాశాడు. రాశాడనడం మాటవరసకే. అది ఏ కాగితం మీదా లేదు. ఎనభై ఆరేళ్ళ ఆ ముసలాయన నోట మాత్రమే ఉంది.

రుమేనియాలో కాలేజీ చదివే రోజుల్లో, కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని వెక్కిరిస్తూ కథలు రాశాడని ఆయన్ను పట్టుకుపోయారు. డాన్యూబ్ నది సముద్రంలో కలిసేచోట, రెల్లు కోయించే శిబిరంలో పడేశారు. నడుంలోతు నీళ్ళలో కొడవలి ఆడిస్తూనే, వాక్యం పక్కన వాక్యం లోలోపల పేర్చుకున్నాడు. రొట్టెలు కాల్చుకుని బతికే ఒకావిడ కథ అది. తన భర్తను ఈడ్చుకుపోయినవాళ్ళకే పొద్దున్నే వేడివేడి రొట్టె అమ్మవలసి వచ్చిన ఆవిడ కథ.

విడుదలై వచ్చాక చాలా ఏళ్ళు భయపడి, చివరికి ధైర్యం చేసి దాన్ని కాగితం మీద పెట్టాడు. అప్పట్లో ఆ దేశంలో టైపు మిషనున్న ప్రతివాళ్ళూ దాని అక్షరాల నమూనా పోలీసులకు ఇచ్చి ఉంచాలి. ఏ కాగితం ఏ మిషను మీద పుట్టిందో వాళ్ళు ఇట్టే చెప్పేసేవారు. అలా నవలా దొరికింది, టైపు చేసిపెట్టిన అమ్మాయీ దొరికింది. అమ్మాయి జైలుకు పోయింది, నవల పొయ్యిలోకి పోయింది. ఆయన మళ్ళీ కలం ముట్టలేదు. కూతురు ఇలింకాను తీసుకుని అమెరికా చేరి, స్కూల్ బస్సులు కడిగి కడిగి రిటైరయ్యాడు. నవలను మాత్రం రోజూ కాసింత పైకి చెప్పుకుంటూ బతికించుకున్నాడు.

వినడానికి ఆయన ఏరికోరి ఎంచుకున్న మనిషి పర్సిస్. నరసాపురం నుంచి వచ్చింది. భర్త ఆనందబాబుది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఈమెది పని చేయనివ్వని డిపెండెంట్ వీసా. పిల్లలు కాలేబ్, జెమీమా స్కూలుకు వెళ్ళాక ఇల్లంతా బోసిపోయేది. పక్కింట్లో ముసలాయన కుర్చీ చూపించి, రుమేనియన్‌లో ఒక అధ్యాయం చెప్పి, ఆపైన సారాంశం రెండు ముక్కల్లో ఇంగ్లీషులో చెప్పేవాడు.

"అంకుల్, మీ భాష నాకు ఒక్క ముక్క రాదు. నాకెందుకు చెప్తారు?" అని మొదట్లో అడిగింది.

"రాదు గనకే," అన్నాడు. "మా దగ్గర గోడలకు చెవులే కాదమ్మా, జీతాలు కూడా ఉండేవి. అర్థం కానివాళ్ళు చాడీ మోయలేరు."

ఇంట్లో ఆనందబాబు వేళాకోళం ఆడేవాడు. "పాస్టర్ గారు తెలుగులో చెప్తే కునికిపాట్లు పడతావ్. అర్థం కాని కథకి మాత్రం డైలీ అటెండెన్సా?"

"మీకు అర్థమయ్యే మీటింగులు పొద్దస్తమానం వింటారుగా, ఏం ఒరిగిందంట?"

ఆ వసంతంలో ఆయనకు చిన్న స్ట్రోక్ వచ్చింది. కాలూ చేయీ బాగానే ఉన్నాయి గాని మాటలు జారిపోవడం మొదలైంది. ఆస్పత్రి డ్యూటీ నుంచి వస్తూ ఇలింకా ఒకసారి పర్సిస్‌ను వాకిట్లోనే ఆపింది. "నేను రాసుకుంటానంటే నోరు మూసేస్తాడు. విప్పేది నీ ఒక్కదాని దగ్గరే. ఆయన మరిచిపోతే ఆ పుస్తకం ఇంకెక్కడా ఉండదు," అంది.

పర్సిస్‌కు చర్చి గుర్తొచ్చింది. వాళ్ళ తెలుగు చర్చిలో పెద్దవాళ్ళు నిలబడి సాక్ష్యం చెబుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేసి, వాట్సాప్‌లో నరసాపురం పంపేది ఈమే. ముందుగా ఎవరినీ అడిగేది కాదు. పెద్దల మాట భద్రం చేస్తే కాదనేవాళ్ళెవరు? ఆ అలవాటు కొద్దీ హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోన్ ఆన్ చేసి పెట్టుకుని ఆయన ముందు కూర్చోసాగింది. వేసవి గడిచేసరికి కథ మొత్తం ఫోన్‌లోకి చేరింది. ఒకేసారి చేతిలో పెడదామని ఇలింకాకు కూడా చెప్పలేదు.

ఆకులు రంగు తిరిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. కథలో రొట్టెలావిడ పొయ్యి తలుపు తీసింది. తరవాతి మాట రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"పోయింది పర్సిస్. ఆవిడ పోయింది."

ఆ ముఖం చూసి ఆమె తట్టుకోలేకపోయింది. గబగబా ఫోన్ తీసి, వెతికి, వినిపించింది. "ఎక్కడికీ పోలేదంకుల్. ఇదిగోండి, అంతా ఉంది!"

ఆయన గొంతే గదిలో మోగింది. ఆయన విన్నాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆమెను దగ్గరకు రమ్మని సైగ చేశాడు. నీళ్ళ హోరు చాటున ఆమె చెవిలో అడిగాడు.

"ఎవరు చేయించారు?"

"ఎవరూ కాదంకుల్, నేనే..."

"నువ్వు మంచిదానివి. వీసా తీసేస్తామన్నారా? పిల్లల జోలికి వస్తామన్నారా?"

"దేవుని తోడు, ఎవరూ ఏమీ అనలేదు!"

"అతనూ ఇలాగే ఒట్టు వేశాడు." ఆ సంగతి ఆయన నోట రావడం అదే మొదలు. చిన్ననాటి స్నేహితుడట. ఈయన బల్ల దగ్గరే తిని, ఈయన మాటలే టేపు చేసి అప్పగించాడట. పోలీసులు గదిలో కూర్చోబెట్టి ఈయన గొంతు ఈయనకే వినిపించారట. "అతన్ని క్షమించాను. నిన్నూ క్షమిస్తాను. వాళ్ళడిగింది ఇచ్చెయ్యి. పిల్లలు చిన్నవాళ్ళు."

తిట్టినా పడి ఉండేది. ఆ క్షమను ఎలా మోయాలో ఆమెకు తెలియలేదు. ఆయన కళ్ళముందే రికార్డింగులన్నీ డిలీట్ చేసింది. తిరిగి తెచ్చుకునే వీలు కూడా లేకుండా తుడిచేసింది. "చూడండి, ఇంక ఎవరి దగ్గరా లేదు."

ఆయన ఆమె తల నిమిరాడు. "వాళ్ళ దగ్గర కాపీ ఉంటుందమ్మా. ఎప్పుడూ ఉంటుంది."

సాయంత్రం ఇలింకా అంతా విని ఒక్క ప్రశ్నే అడిగింది. "కథ చివరిదాకా ఎక్కిందా?"

"ఎక్కింది."

ఇలింకా కోప్పడలేదు. ఆస్పత్రి బట్టల్లోనే మెట్ల మీద కూలబడి, "నేను ఒక్కసారి కూడా చివరిదాకా వినలేదు," అంది.

మర్నాడు పర్సిస్ భయపడుతూనే వెళ్ళింది. ఆయన నవ్వుతూ కుర్చీ వేశాడు, టీ పెట్టాడు. బల్ల మీదున్న ఆమె హ్యాండ్‌బ్యాగ్‌కు ఎదురుగా కూర్చుని, గొంతు కాస్త పెంచి, ఒక్కో మాటా విడివిడిగా, ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"ఈ దేశం చాలా మంచిది. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. నేనేమీ రాయలేదు."

ఆమె బ్యాగ్ ఎత్తి బల్ల మీద కుమ్మరించింది. తాళాలు, జెమీమా క్రేయాన్లు, నలిగిన టిష్యూలు. ఫోన్ ఇంట్లోనే వదిలి వచ్చింది.

ఆయన వాటిని చూశాడు. ఖాళీ బ్యాగ్‌ను తీసి మళ్ళీ తన ఎదురుగా నిలబెట్టుకున్నాడు. ఆమెను జాలిగా ఒకసారి చూసి, మొదటినుంచి అందుకున్నాడు.

"ఈ దేశం చాలా మంచిది."