ఆ పిల్లకి నేను చెప్పిన గోత్రం

చాలా ఏళ్లుగా నేనొక మంచి పనిని మోస్తున్నాను. అది నేను చెయ్యని పని. అందుకే ఇంత బరువు. చేసి ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తణుకులో ఒక కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. మా వాళ్లంతా వ్యాపారస్తులు. నాకు సరుకులు అమ్మడం రాలేదు గానీ మాటలు అమ్మడం వచ్చింది. పావు వంతు జరిగితే ముప్పావు కలిపి చెప్పేవాణ్ణి. గొంతులు మార్చడంలో కూడా దిట్టని. నేను తలుపు చాటున ప్రిన్సిపాల్ గారి గొంతు పెడితే అటెండరు లేచి నిలబడేవాడు. ఇందులో ఏమీ కలపలేదు.

సభల్లో నేను చెప్పే కథ ఒకటుంది. ముందు దాన్ని సభలో చెప్పినట్టే చెబుతాను.

సెలవుల్లో విద్యార్థులని తీసుకుని అన్నవరం దగ్గరున్న ఒక అనాథ పిల్లల హాస్టలుకి వెళ్లాం. చివరి రోజు పిల్లలని కొండ మీదికి తీసుకెళ్లాం. అర్చకులు గోత్రం అడిగితే ఒక పాప తల దించుకుంది. నా గుండె తరుక్కుపోయింది. ముందుకొచ్చి నా గోత్రం, నా ఇంటిపేరు ఆ పాపకిచ్చాను. అర్చకులు కళ్లు తుడుచుకున్నారు. గుళ్లో వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆ పాప ఈ రోజుకీ నన్ను తాతయ్యా అంటుంది.

ఇక్కడ ఆగుతాను. ఎంతసేపు ఆగాలో కూడా నాకు తెలుసు. ఆ తర్వాత శాలువా కప్పుతారు.

ఇప్పుడు జరిగింది చెబుతాను.

వెళ్లిన మాట నిజం. వేసవి సెలవులు. మా విద్యార్థులు హాస్టలు గోడలకి సున్నం వేశారు, పిల్లల తలల్లో పేలు దువ్వారు, సాయంత్రాలు వాళ్లతో కబడ్డీ ఆడి మోకాళ్లు దోక్కున్నారు. నేను పర్యవేక్షించాను. అంటే కుర్చీ వేయించుకుని జీడిమామిడి పళ్లు తిన్నాను.

కొండ మీద ఏ పాపా తల దించుకోలేదు. గోత్రం తెలియని వాళ్లకి అర్చకులే ఏదో ఒక గోత్రం చెప్పి పూజ జరిపించేస్తారు. ఆ హాస్టలు పిల్లలు ఏటా వెళ్లేవాళ్లే. వార్డెన్ వరలక్ష్మి గారు అర్చకులకి బాగా తెలుసు.

“మన వరలక్ష్మి గారి పిల్లలేనాండి? అందరికీ కలిపి చెప్పేస్తానండి,” అన్నారాయన.

అక్కడితో అయిపోవలసిన పని. వెనక మా విద్యార్థులు నిలబడి చూస్తున్నారు. వాళ్లు చూస్తుంటే నాకు ఊరికే ఉండడం చేతకాదు.

“ఆగండాగండి,” అన్నాను. నాకు అందేంత దగ్గరలో ఉన్న పిల్ల భుజం మీద చెయ్యి వేశాను. “ఈ అమ్మాయికి నా గోత్రం చెప్పండి. ఇంటిపేరు కూడా నాదే.”

“పాప మీకేమవుతుందండీ?”

“మనవరాలండి.”

“మాస్టారూ, మీరు కేకండీ బాబూ!” అన్నాడు మావాడొకడు వెనక నుంచి. అర్చకులు కళ్లేమీ తుడుచుకోలేదు. వరస పెద్దదిగా ఉంది. “పళ్లెం ఇలా జరపండి,” అన్నారు.

ఆ పిల్ల పేరు శారద అనుకోండి. అసలు పేరు రాయను. ఎనిమిదేళ్లుంటాయి. నడక రాని వయసులో ఎవరో తెచ్చి ఇచ్చారట, అమ్మా నాన్నా ఎవరో తెలియదు. ఆ పిల్లనే ఎందుకు ఎంచుకున్నానని తర్వాత చాలామంది అడిగారు. దేవుడు చూపించాడనేవాణ్ణి. దగ్గరగా నిలబడింది, అంతే.

మెట్లు దిగుతున్నప్పుడు నా వేలు పట్టుకుంది. ఇంకో చేతిలో ఆకులో ప్రసాదం.

“అయితే నేను మీ ఇంటి పిల్లనాండి?”

“మరి? దేవుడి ముందు చెప్పాక ఇంకేంటి?”

“మీ ఇంటికెప్పుడు తీసుకెళ్తారండి?”

“దసరాకి వస్తా. బట్టలు సర్దుకుని ఉండు.”

“తాతయ్యా అనొచ్చాండి?”

“అనకపోతే ఊరుకోను.”

ఇది అబద్ధమని అప్పుడు అనిపించిందా? లేదు. ఆ మెట్ల మీద ఉన్నంతసేపూ నేను నమ్మాను. నా అబద్ధాలన్నీ అంతే, నోట్లో ఉన్నప్పుడు నిజాలే. రైలెక్కాక మర్చిపోయాను. పిల్లని మర్చిపోయాను గానీ కథని కాదు. కాలేజీ తెరిచిన రోజే స్టాఫ్ రూములో చెప్పాను. వారం తిరక్కుండా ఊళ్లో ఒక సంఘం వాళ్లు పిలిచి దండ వేశారు.

వానాకాలంలో వరలక్ష్మి గారు ఫోన్ చేశారు. విశాఖ నుంచి ఒక జంట వచ్చారట, శారదని దత్తత తీసుకుంటామంటున్నారట. ఇద్దరూ ఉద్యోగస్తులు. రెండుసార్లు వచ్చి చూశారు, పిల్ల మీద ప్రాణం పెట్టుకున్నారు. కానీ ఆ వయసు పిల్లని అడగకుండా ఇవ్వకూడదు, అది నియమం. అడిగితే శారద రానంది.

“నాకు తాతయ్య ఉన్నాడు, ఇంటిపేరుంది, దసరాకి వచ్చి తీసుకెళ్తాడు అంటోందండి. మేమెంత చెప్పినా వినట్లేదు. మీరొక్కసారి వచ్చి, అది మాటవరసకన్నది తల్లీ అని మీ నోటితో చెబితే వింటుంది. వాళ్లు ఈ నెలాఖరు దాకా ఆగుతామన్నారు.”

“అయ్యో, తప్పకుండానండి. ఆదివారం వస్తాను,” అన్నాను.

ఆదివారం వెళ్లలేదు. ఆ తర్వాతి ఆదివారమూ వెళ్లలేదు. ఫోను మోగింది, మళ్లీ ఆవిడ నంబరే. ఎత్తాను. ఎత్తాక భయం వేసింది. గొంతు మార్చాను. ముసలి పనివాడి గొంతు, కొంచెం ముక్కుతో.

“మాస్టారు ఊళ్లో లేరండి. కాశీ ఎల్లారండి.”



“అలాగాండి,” అన్నారు వరలక్ష్మి గారు. “కాశీలో ఎండలెలా ఉన్నాయో అడిగానని చెప్పండి మాస్టారికి.”

వానాకాలంలో ఎండలు. ఆవిడ నన్ను పోల్చుకుంది. మళ్లీ చెయ్యలేదు.

ఎందుకు వెళ్లలేదు? మోకాళ్ల నొప్పులని నాకు నేను చెప్పుకున్నాను, పరీక్ష పేపర్లు దిద్దాలనుకున్నాను, పెద్దవాళ్ల మాట కన్నా పిల్లల మనసే త్వరగా మారుతుందిలే, వాళ్లే ఏదోలా నచ్చజెబుతారులే అని కూడా అనుకున్నాను. అవేవీ కావు. తణుకులో రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాను. వెళ్లి ఆ పిల్ల ముందు కూర్చుని “నేను నీ తాతయ్యని కాను” అనాలి. అంటే నా కథ అక్కడితో చస్తుంది. దండ వేసిన వాళ్ల ముందు మళ్లీ చెప్పలేను. ఒక పిల్లకి అమ్మా నాన్నా దొరకడం ఒక వైపు, నా కథ ఒక వైపు. నేను కథ వైపున్నాను. ఇంత తేలిగ్గా రాసేస్తున్నాను గానీ, ఈ వాక్యం దగ్గరికి రావడానికి నాకు ముసలితనం దాకా పట్టింది.

ఆ జంట వెళ్లిపోయారు. మరుసటేడు వేసవికి విద్యార్థులు మళ్లీ ఆ హాస్టలుకే వెళ్దామన్నారు. అక్కడి పిల్లలకి మాటిచ్చి వచ్చారు పాపం. అక్కడ మంచినీళ్లకి ఇబ్బందని ప్రిన్సిపాల్ గారికి చెప్పి క్యాంపుని జంగారెడ్డిగూడెం వైపు మార్పించాను. నీళ్లకి ఏ ఇబ్బందీ లేదు. నా మూలంగా మిగతా పిల్లలకీ ఆ సెలవులు లేకుండా పోయాయి. ఇది కూడా లెక్కలో వెయ్యండి.

తర్వాత ఎప్పుడో బస్టాండులో ఒక పాత విద్యార్థి కనబడి చెప్పాడు, శారద కోసం మళ్లీ ఎవరూ రాలేదని. పెద్దదయ్యేదాకా అక్కడే ఉందట. ఆ తర్వాత ఎటు వెళ్లిందో వాడికీ తెలియదు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? ఈ వేసవి సెలవుల్లో మా కాలేజీ విద్యార్థులు మళ్లీ అనాథ పిల్లల దగ్గరికి క్యాంపుకి వెళ్తూ, ప్రారంభానికి నన్ను పిలిచారు. అదే కథ చెప్పాను. అదే చోట ఆగాను. క్యాంపు నడిపిస్తున్న అమ్మాయి లేచి “ఆ పాప ఇప్పుడేం చేస్తోందండీ?” అంది. ఎప్పుడూ ఎవరూ అడగని ప్రశ్న. “సాఫ్ట్‌వేర్‌లో ఉందమ్మా, వారం వారం ఫోన్ చేస్తుంది,” అన్నాను. చప్పట్లు. సభ అయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, “ఒక్కసారి వీడియో కాల్‌లో మా క్యాంపు పిల్లలతో మాట్లాడించండి మాస్టారూ, వాళ్లకెంత ధైర్యమో!” అంది. ఆ పిల్లలు ఎదురు చూస్తారని కూడా చెప్పింది.

ఎదురు చూస్తారు. ఆ మాట నేను మోయలేకపోయాను. నిన్న ఆ అమ్మాయికి ఫోన్ చేసి, నా గొంతుతోనే, మీకు చెప్పినదంతా చెప్పాను. చాలాసేపు వింది. “మీరు బాధ పడకండి మాస్టారూ” అంటుందేమోనని కొంచెం ఆశపడ్డాను కూడా. అనలేదు.

“ముగింపు సభకి వేరేవాళ్లని పిలుచుకుంటామండి,” అంది.

“మంచిదమ్మా,” అన్నాను. ఫోను పెట్టేశాక ఆకలి వేసింది. అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

శారదని వెతుకుతారా అని మీరడగవచ్చు. వెతకను. దొరికితే కాళ్ల మీద పడతాను, పడి వచ్చి ఆ పడడాన్ని కథగా చెబుతాను. నా సంగతి నాకు తెలుసు. ఇప్పుడు కూడా, దసరా రోజున ఆ పిల్ల సంచి పక్కన పెట్టుకుని గేటు దగ్గర కూర్చుని ఏడ్చిందని రాయబోయాను. రాస్తే బాగుంటుంది. కానీ ఏడ్చిందో, అసలు గేటు దగ్గరికి వచ్చిందో రాలేదో నాకు తెలియదు. ఆ రోజు నేను తణుకులోనే ఉన్నాను. పులిహోర తిని పడుకున్నాను.