లంగరు వేయలేదు

ఉదయం ఆరుంపావుకు పైలట్ బోటులో టీ ఇచ్చారు. సగం తాగి వదిలేశాను. విశాఖ రేవులో పైలట్‌గా నాకది ఏడో ఏడు. వచ్చే ఓడను సముద్రంలోనే ఎక్కి, ఇరుకు కాలువ గుండా లోపల ఓడలను కట్టే బెర్తుకు చేర్చడం పైలట్ పని. ఆ రోజుది నిండా బొగ్గున్న ఓడ. ఓడను లాగి ఆపడానికి దాని వెనక తాడుతో కట్టిన చిన్న పడవ టగ్గు. దాన్ని నడిపే మాస్టర్ సింహాచలం, జాలరి కుటుంబం మనిషి. మొన్న వేసవిలో పోయాడు. అప్పటి నుంచి ఆ ఉదయం నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

పైలట్ వాకీటాకీలో ఆదేశం ఇస్తే, అందిందని టగ్గు చిన్న కూత వేసేది. కూత రాకపోతే అందలేదనే లెక్క.

కాలువ దాటాక వేగం తగ్గించడానికి ఓడ ఇంజన్‌ను వెనక్కి తిప్పమన్నాను. ఇంజన్ అందుకోలేదు. ఎదురుగా బెర్తులో మరో ఓడ ఉంది. పూర్తి బలంతో వెనక్కి లాగమని సింహాచలానికి చెప్పాను. కూత రాలేదు. మళ్ళీ చెప్పాను. రాలేదు.

ఇక మిగిలింది లంగరు. అది వేస్తే ఓడ పక్కకు తిరుగుతుంది. అప్పటికే టగ్గు లాగుతూ ఉంటే, తాడు దాన్ని అడ్డంగా ఈడ్చి బోల్తా కొట్టిస్తుంది. ఓడ విదేశీ కెప్టెన్ నా వైపు తిరిగి, ఆ మనిషిని ‘కౌంట్ ఆన్’ చేయవచ్చా అని అడిగాడు. బళ్ళో ఆ మాటకు నమ్మడం అని అర్థం చెప్పారు. అక్కడ నిలబడితే దాని అర్థం, చేతిలో ఉన్న రెండో దారిని వదులుకోవడం. చేయవచ్చన్నాను. లంగరు వేయొద్దన్నాను.

వెనక తాడు బిగిసింది. ఓడ నెమ్మదించి, ఎదుటి ఓడకు కాస్త ఇవతల ఆగింది.

పని అయ్యాక నిచ్చెన దిగి టగ్గులోనే ఒడ్డుకు వచ్చేవాళ్ళం. ఆ రోజు అందులో టీ తాగుతూ, కూత ఏమైందని సింహాచలాన్ని అడిగాను.

“సెయ్యి కాళీ ఉంటే కద సారూ! రెండు సేతులూ లివర్ల మీదే ఉన్నాయి. మీరు లంగరేసేత్తారేటోనని బయపడి సచ్చేను.”

“వేయలేదుగా.”

“ఎయ్యలేదు కాబట్టి టీ తాగుతన్నాం. ఏసుంటే మా ఆడోళ్ళంతా ఈపాటికి మీ ఇంటి మీద పడిపోదురు!”

ఆదేశం వినపడకపోతే అతను ఊరుకునేవాడు కాదు, వాకీటాకీలో అరిచి మళ్ళీ అడిగేవాడు. అరవలేదంటే విన్నాడనే. అది నాకు తెలుసు కాబట్టే ఆగగలిగాను. ఎవరి మీదనైనా ఆధారపడాలంటే ముందు వాళ్ళ పని తీరు తెలియాలి. అతని తీరు నాకు ఆ తిరుగు ప్రయాణాల్లోనే తెలిసింది. ఇప్పుడు పైలట్లు బెర్తు మీదే దిగి కారులో వెళ్ళిపోతారు. టగ్గులో ఎవరూ తిరిగి రావడం లేదు.