నొక్కినోళ్లే తిప్పాలె

మా ఇంటి ఫోటోల డబ్బా తెరిస్తే అందరం ఉంటాం. స్టేషన్ ఘన్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ముక్కు చీదుకుంటూ తమ్ముడు, కాళేశ్వరంలో తడి చీర పిండుకుంటూ అమ్మ, జనగామలో మా బట్టల దుకాణం ముందు గజం కర్ర పట్టుకొని బాపు, ఏ ఫోటోలో చూసినా కెమెరా వైపు కాకుండా విడిచిన చెప్పుల వైపే చూస్తూ అవ్వ. మా మేనత్త మాత్రం లేదు. ఆ ఫోటోలన్నీ తీసింది ఆమే.

తీసేవాళ్ళు ఫోటోలో ఎట్లా ఉంటారని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కెమెరాకేమన్నా వేర్లు మొలిచాయా, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోకుండా? మా ఇంట్లో పోలేదంటే దానికి కారణం ఉంది. మా అత్తకు పంతొమ్మిదేళ్ళకే భర్త చనిపోయాడు. ఆయన బడిపంతులు. పెళ్ళైన రెండో ఏడు జ్వరం వచ్చి, వరంగల్ దవాఖానకు చేర్చేలోపే దారిలో పోయాడు. అత్త ఒక ఇనుప పెట్టె, ఆయన ముచ్చటపడి కొనుక్కున్న డబ్బా కెమెరా తీసుకొని అన్నగారింటికి, అంటే మా ఇంటికి, వచ్చేసింది. ఎవరైనా మంచి పనికి బయలుదేరుతుంటే వెనక గదిలోకి తప్పుకోవడం, పేరంటాలకు రాకపోవడం, నలుగురితో కలిసి ఫోటోకు నిలబడకపోవడం, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే చేసేది. చెప్పకుండానే అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. మా అవ్వ, అంటే బాపు వాళ్ళమ్మ, కళ్ళతో చెప్పేదని పెద్దయ్యాక అర్థమైంది.

తెలంగాణ కోసం ఉద్యమం జరిగిన అరవై తొమ్మిదిలో నాకు తొమ్మిదేళ్ళు. బడులు మూతపడ్డాయి. జనగామ బజారులో పొద్దున లేస్తే ఊరేగింపు. బాపు దుకాణం తలుపు ఒక రెక్క మాత్రమే తీసి కూర్చునేవాడు, కేకలు దగ్గరికొస్తే అదీ వేసేసేవాడు. నన్ను గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. ఏమీ తోచక ఇంట్లో అందరి ప్రాణాలు తోడేస్తుంటే, అత్త ఒక మధ్యాహ్నం పెట్టె తెరిచి కెమెరా బయటికి తీసింది.

నల్లటి డబ్బా. ముందు ఒక గాజు కన్ను, పక్కన నొక్కే మీట, పైన తిప్పే చక్రం, వెనక గుండ్రటి ఎర్ర కిటికీ. రీలు వేస్తే ఆ కిటికీలో నంబర్లు కనబడతాయి. రీలుకు పన్నెండు ఫోటోలు. ఒకటి తీశాక చక్రం తిప్పి తర్వాతి నంబరు తెచ్చుకోవాలి. మర్చిపోతే ఆ డబ్బా మనల్ని ఆపదు, రెండో ఫోటోను కూడా మొదటిదాని మీదే తీసేస్తుంది. అప్పుడు రెండూ పాడవుతాయి.

"ఒక్కటే మాట యాదికుంచుకో" అంది అత్త. "నొక్కినోళ్లే తిప్పాలె. ముందు నొక్కుడు, ఎంటనే తిప్పుడు. అటెన్కనే ముచ్చట్లు."

బడి లేని ఆ నెలలన్నీ రీలు లేని కెమెరాతో ఇల్లంతా ఫోటోలు తీశాను. ఉట్టి మీది పిల్లిని, నిద్రపోతున్న అవ్వ నోటిని, పప్పు రుబ్బుతున్న అమ్మ మోచేతిని. నొక్కడం, తిప్పడం. తిప్పకపోతే అత్త నా చెవి మెలిపెట్టేది. ఆమె మాత్రం ఒక్కసారి కూడా మర్చిపోగా నేను చూడలేదు. మాట మధ్యలో ఉన్నా, బస్సు కదులుతున్నా, నొక్కిన మరుక్షణం ఆమె బొటనవేలు చక్రం మీద ఉండేది.

గొడవలు సద్దుమణిగాక, దుకాణానికి సెలవు దొరికిన రోజున బాపు మమ్మల్ని ఎక్కడికో ఒక చోటికి తీసుకుపోయేవాడు. పులిహోర, సర్వపిండి, మంచినీళ్ళ చెంబు, కెమెరా. దగ్గరి ఊళ్ళైతే పొద్దున పోయి పొద్దుగూకేసరికి తిరిగొచ్చేవాళ్ళం. కాళేశ్వరం పోయినప్పుడు మాత్రం ఒక రాత్రి సత్రంలో ఉన్నాం. ఆ దారిలో కాటారం దగ్గర బస్సు చెడిపోయి రెండు గంటలు అడవి అంచున కూర్చుంటే, అందరూ డ్రైవరును తిట్టుకుంటున్నారు, అత్త ఒక్కతే సంతోషంగా ఉంది. "గీ ఎండ సూడు, ఎంత మంచిగ పడ్తున్నదో" అని మమ్మల్నందరినీ బస్సు ముందు నిలబెట్టింది.

ఇంట్లో ఆమె గొంతు గోడ దాటేది కాదు. కెమెరా చేతికొస్తే ఇంకో మనిషి. "అన్నా, పొట్ట జర లోపటికి గుంజు." "వదినా, కొంగు సదురుకో." ఆఖరికి అవ్వను కూడా వదిలేది కాదు. "అమ్మా, ఇటు సూడు. నీ చెప్పులు ఏడికీ ఉరుకవు." మేమెంత ఇరుక్కొని నిలబడ్డా ఆమెకు చాలదు. "జరుగుండ్రి, దగ్గరికి జరుగుండ్రి. మీ నడుమల నుంచి బర్రె పొయ్యేటట్టున్నది." మేం నవ్వుతుంటే నొక్కేది. మా ఫోటోల్లో అందరం నవ్వుతున్నామంటే అది ఎవరి చలవో చూసినవాళ్ళకు తెలియదు. నాకు తెలుసు, అదే నా బాధ.

నాకు పదమూడేళ్ళప్పుడు దసరా సెలవులకు అమ్మ పుట్టింటికి, మహబూబాబాద్‌కు పోయాం. మేం మానుకోట అనే అంటాం. అక్కడి నుంచి ఒక రోజు గూడూరు దాకా బస్సులో, ఆ తర్వాత ఎడ్లబండిలో భీముని పాదం చూడబోయాం. వానలు అప్పుడే తగ్గుముఖం పట్టాయి, జలపాతం నిండుగా దూకుతోంది. దగ్గరి తండా నుంచి ఒక లంబాడీ ఆమె గంపలో సీతాఫలాలు తెచ్చి అమ్ముతోంది. అత్త తమ్ముణ్ణి నీళ్ళ ముందు నిలబెట్టి ఫోటో తీస్తుంటే ఆమె గంప దించి చాలాసేపు చూసింది.

"అందర్ని తీస్తున్నవ్ అక్కా. మరి నిన్నెవలు తీస్తరు?" అని అడిగింది.

అత్త నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "ఆమెకు గవన్ని వద్దు. నువ్వు పండ్లు మంచియి ఏరియ్యి."

అత్త చక్రం తిప్పింది, కొంగుతో కెమెరా గాజు తుడిచింది. ఎంతసేపు తుడిచిందో! అక్కడ మరక ఏమీ లేదు. నాకు అవ్వ మీద కోపంతో కళ్ళలో నీళ్ళొచ్చాయి కానీ, పదమూడేళ్ళ పిల్లకు ఆ ఇంట్లో ఏం నోరుంటుంది?

కాసేపటికి అత్త మామూలుగానే పిలిచింది. "రాండ్రి, అందరు కలిసి కూసోండ్రి. ఒకటి తీస్త." అక్కడ ఒక వెడల్పాటి బండ ఉంది. బాపు, అవ్వ, తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకొని అమ్మ, వాళ్ళను వరసగా కూర్చోబెట్టింది. నన్ను చివరన కూర్చోబెట్టింది. నేను అలవాటు ప్రకారం అమ్మ పక్కకు జరగబోతే, "నువ్వు ఆడనే ఉండు" అని గదిమింది. కెమెరాను ఎప్పటిలాగా చేత్తో పట్టుకోలేదు. ఎదురుగా ఉన్న రాయి మీద పెట్టి, కదలకుండా అటూ ఇటూ గులకరాళ్ళు ఆనించింది. నొక్కింది. మేం లేచి నీళ్ళ వైపు పోయాం.

"పిల్లా, ఇటు రా" అని అత్త నన్నొక్కదాన్నే వెనక్కి పిలిచింది. "నాదొకటి తియ్యి. కెమెరాను కదపకు. ఉన్నదున్నట్టు మీట నొక్కు, అంతే."

పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. నా సంతోషం అంతా ఇంతా కాదు. ఆమె పోయి అదే బండ మీద కూర్చుంది. తల మీద కొంగు తీసేసింది. నిటారుగా, కెమెరా కంట్లోకి చూస్తూ. ఎడమ చెయ్యి మాత్రం పక్కకు చాపి, గాలిలో అలాగే ఉంచింది.

"అత్తా, చెయ్యెందుకట్ల పెట్టినవ్? నొయ్యదా?"

"నువ్వు నొక్కు."

నొక్కాను. నొక్కినదాన్ని కాబట్టి వెంటనే తిప్పాను కూడా.

పది రోజుల తర్వాత జనగామలో స్టూడియో అతను ఫోటోలిస్తూ, ఒకటి పాడైంది, దాని మీద ఇంకోటి పడిందని చెప్పాడట. బాపు ఇంటికి తెచ్చి చూపించాడు. అరచేతిలో పట్టే చిన్న ఫోటో. అవ్వ దాన్ని చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "బతికున్నోళ్లను దయ్యాల లెక్క చేసిండ్రు. దీన్ని ఇంట్ల పెట్టకుండ్రి." అందరం కలిసి దిగిన ఫోటో ఆ రీలులో అదొక్కటే. బాపుకు ఎప్పుడూ రాని కోపం వచ్చింది. "ఎవరు నొక్కిండ్రు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

"కిటికీల నంబరు సూసుకోవాలన్న సోయి లేదా? ఉన్న ఒక్కటీ ఖరాబ్ చేసినవ్!"

నేను ఏడుస్తూ అత్త వైపు చూశాను. అప్పటిదాకా నా మీద దెబ్బ పడబోయిన ప్రతిసారీ అడ్డమొచ్చిన మనిషి. ఆ రోజు తల వంచుకొని నేల చూస్తూ నిలబడింది. నా తరఫున ఒక్క ముక్క మాట్లాడలేదు. బాపు చేతిలోంచి ఫోటో తీసుకొని, "ఇటియ్యి అన్నా, పొయ్యిల ఏస్త" అని లోపలికి పోయింది.

నేను మొండిదాన్ని. ఇక కెమెరా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. తర్వాత పాలకుర్తి పోయినప్పుడొకసారి, పాకాల చెరువుకు పోయినప్పుడొకసారి, అత్త కెమెరా నా ముందుకు చాపింది. "పట్టుకో పిల్లా" అంది. రెండుసార్లూ మొహం తిప్పుకున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ రెండుసార్లు చెయ్యి చాపి ఉంటే ఈ రోజు నాకు ఇది రాసే అవసరం ఉండేది కాదేమో.

ఎనభైలో నన్ను మానుకోట సంబంధానికే ఇచ్చారు. పెళ్ళిలో ఫోటోలు తీసేవాళ్ళు తెల్ల గొడుగులు, కళ్ళు చెదిరే లైట్లతో వచ్చారు. అత్త వెనక గదిలో తమలపాకులు తుడుస్తూ కూర్చుంది. అప్పగింతలప్పుడు వెతికాను, రాలేదు. అత్తగారింట్లో పెట్టె సర్దుకుంటుంటే చీరల కింద తుండుగుడ్డలో చుట్టిన కెమెరా దొరికింది. దానితో పాటు ఒక కాగితం కవరు. అందులో ఆ పాడైన ఫోటో. పొయ్యిలో వెయ్యలేదన్నమాట. పెళ్ళికూతుర్ని కదా అని కూడా చూడకుండా నా తప్పును గుర్తు చేసి ఏడిపిస్తోందనుకున్నాను. సరిగ్గా చూడకుండానే కవరు మూసి బీరువా అడుగున పడేశాను.

రెండేళ్ళకు ఆమెకు కామెర్లు వచ్చి ముదిరాయి. నేను జనగామ చేరేసరికే అయిపోయింది. గోడకు పెట్టడానికి ఫోటో కావాలని బాపు డబ్బా బోర్లించి, ఒక్కొక్కటీ వెలుగులో పట్టి చూశాడు. "గిన్ని ఫోటోలల్ల ఒక్కటన్న లేదా బిడ్డా?" అని నన్నడిగి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నా దగ్గర ఒకటుందని చెప్పలేదు. అది చెడిపోయిన ఫోటో, చెడగొట్టింది నేను. ఆ సిగ్గు ఇంకా పోలేదు. మా అవ్వ కూడా ఆ రోజు డబ్బాలో చాలాసేపు వెతికింది.

నా కూతురికి ఆరేళ్ళు వచ్చాక ఒకనాడు కెమెరా చూపించమని ప్రాణం తీసింది. ఆ రీళ్ళు దొరకడమే కష్టమైపోయిన రోజులు. ఎక్కడో పాతది ఒకటి సంపాదించి, మా వాకిట్లో తులసి కోట పక్కన నేను నిలబడి, దాని చేతికి కెమెరా ఇచ్చాను. నొక్కింది. కెమెరా నా వైపు చాపి, "అమ్మా, నువ్వు తిప్పు" అంది.

"ఏహె, నొక్కినోళ్లే తిప్పాలె" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి అచ్చం ఆమె గొంతుతోనే వచ్చింది. అక్కడే ఆగిపోయాను. ఆ రోజు భీముని పాదం దగ్గర మా అందరి ఫోటో నొక్కింది ఎవరు? నేను కాదు. తిప్పాల్సింది ఎవరు? నిద్రలో కూడా తిప్పే మనిషి, ఆ ఒక్కసారి ఎందుకు తిప్పలేదు?

పిల్లను వాకిట్లోనే వదిలేసి లోపలికి ఉరికాను. బీరువా అడుగున కవరు వెతికి కిటికీ దగ్గరికి తెచ్చుకొని, పద్నాలుగేళ్ళ తర్వాత ఆ ఫోటోను మొదటిసారి సరిగ్గా చూశాను.

బాపు, అవ్వ, అమ్మ ఒళ్ళో తమ్ముడు, చివరన నేను. అమ్మకూ నాకూ మధ్య సరిగ్గా ఒక మనిషి పట్టేంత ఎడం. ఆ ఎడంలో అత్త. ఆమెలోంచి బండ కనబడుతోంది. మాలోంచి కూడా కనబడుతోంది. ఆమె ఎంత పలచగా ఉందో మేమూ అంతే ఉన్నాం, ఆ ఫోటోలో మాకూ ఆమెకూ తేడా లేదు. అందరం ఒక బండ మీద కూర్చున్న ఒక ఇంటి వాళ్ళం. నేను తిట్లు తింటుంటే ఆమె ఎందుకు మాట్లాడలేదో అప్పుడు తెలిసింది. మాట్లాడి ఉంటే ఈ ఫోటో బతికేది కాదు. అలాంటి తిట్లు ఇంకో వంద తినేదాన్ని అత్తా, ఒక్క మాట నాకు చెవిలో చెప్పి ఉంటే.

తర్వాత ఆమె ఎడమ చెయ్యి చూశాను. ఆ రోజు గాలిలో చాపి, నొప్పి పుట్టినా దించకుండా ఉంచిన చెయ్యి. అది నా భుజం మీద వెయ్యడానికి. ఖాళీ బండ మీద కూర్చొని, నేను ఎక్కడ ఉంటానో మనసులో లెక్క వేసుకొని పెట్టింది. కొద్దిగా తప్పింది. చెయ్యి నా భుజానికి నాలుగు వేళ్ళ పైన ఆగిపోయింది. ఆమె అనుకున్నంత ఎత్తు నేను ఇంకా ఎదగలేదు.