కల్లు మందెట్లయితాది?

మా చెల్లెలు సుంకమ్మది బేతంచెర్ల. నాపరాళ్ల పాలిష్ పనికి వెళ్తుంది. ఆమె కూతురు మౌనిక మరుగుతున్న పాలగిన్నెను ఉత్త చేత్తో పట్టుకున్న రోజు నాకు అనుమానం మొదలైంది. ఆరేళ్ల పిల్ల చెయ్యి కాల్చుకోవడం వింత కాదు. కానీ ముందు వారమే అదే గిన్నెతో కాల్చుకుంది. ఆ కట్టు ఇంకా విప్పనే లేదు.

బడిలో నేర్పిన అక్షరం సాయంత్రానికి ఉండేది కాదు. వయసుకు తగ్గ ఎత్తూ లేదు. కర్నూలులో ఒక డాక్టరు ఎంఆర్ఐ నార్మల్ అన్నారు. ఇంకొకరు థైరాయిడ్, హియరింగ్ టెస్టులు చేయించి "పెరిగేకొద్దీ సర్దుకుంటుంది" అన్నారు. ప్రతిచోటా ఒక ప్రశ్న మాత్రం వచ్చేది: "కడుపుతో ఉన్నప్పుడు మందు అలవాటుందా?" పక్కనున్న సుంకమ్మ అత్త ఇంతెత్తున లేచేది. "ఏమప్పా, మేము అట్లాంటోళ్ల మాదిరి కనిపిస్తాండామా?" సుంకమ్మ తల అడ్డంగా ఊపేది. డాక్టరు లేదని రాసుకునేవారు. రెండేళ్లు ఇలాగే పోయాయి.

నాకు విసుగొచ్చి, తల్లీబిడ్డలను మాత్రమే కడపకు, నా దగ్గరకు పిలిపించుకున్నాను. ఇక్కడి పిల్లల డాక్టరమ్మ మౌనిక తల చుట్టుకొలత తీసుకుంది. సన్నటి పైపెదవిని, ముక్కు కింద గాడి లేకుండా చదునుగా ఉండటాన్ని చాలాసేపు చూసింది. తర్వాత సుంకమ్మను అడిగింది.

"కడుపుతో ఉన్నప్పుడు ఎండలో పనిచేస్తూ దప్పికకు ఏం తాగేదానివమ్మా?"

"కల్లు మేడం. బిడ్డకు చలువని అత్త దినామూ పోసేది."

"మరి మందు తాగలేదని రాసుందే?"

"కల్లు మందెట్లయితాది మేడం? మందంటే సీసాలో వచ్చేది గదా!"

డాక్టరమ్మ కల్లు అని రాసుకుంది. "ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ కావచ్చు. అంటే తల్లి తాగినదాంట్లోని ఆల్కహాల్ కడుపులో బిడ్డ మెదడును దెబ్బతీయడం; కల్లులోనూ అది ఉంటుంది. తేల్చి చెప్పే టీమ్ ఇక్కడ లేదు, బెంగళూరు పోవాలి. అక్కడా ఈ మాట దాచకుండా చెప్పాలి" అంది.

బయటికొచ్చాక సుంకమ్మ ఏడ్చింది. "నేను రానక్కా. బిడ్డను నేనే చెడగొట్టినానని ఇంట్లోంచి ఎల్లగొడతారు."

నాకు ఒళ్లు మండిపోయింది, ఆమె మీద కాదు. "తాగించినోళ్లే ఎల్లగొడతారా? నేనుండా, పద" అన్నాను.

అపాయింట్‌మెంట్‌కే నెలలు పట్టింది. బస్సెక్కేదాకా ఆమె వస్తుందో రాదో నాకు నమ్మకం లేదు. బెంగళూరులో సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, న్యూరాలజిస్టు అందరూ పిల్లను చూశాక మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. సుంకమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కల్లు తాగినా సార్. చలువనుకొని తాగినా. రాసుకోండి."

రోగానికి పేరు దొరికింది. పూర్తిగా నయం కాదన్నారు, కానీ నేర్పే పద్ధతి ఉందన్నారు. ఇప్పుడు మౌనికకు ఒకసారికి ఒక్క పనే, బొమ్మ చూపించి చెబుతున్నాం. మొద్దు అని ఎవరైనా అంటే సుంకమ్మ ఊరుకోదు. అత్త నాతో మాట్లాడటం మానేసింది. మానేస్తే మానేయనీ.

ఇలాంటి బిడ్డ మీ ఇంట్లో ఉంటే, కడుపుతో ఉన్నప్పుడు తల్లి తాగినవన్నీ పేరుపేరునా డాక్టరుకు చెప్పించండి. చెప్పేటప్పుడు ఆమె పక్కన, విన్నాక కూడా ఆమెను తిట్టని మనిషిని కూర్చోబెట్టండి.