ఆ ఒక్క రాగి పొడి సీసా

దయ్యం మాట ఎత్తితే నాకు నవ్వొస్తుంది. వయసులో ఉన్నప్పుడు శ్మశానం పక్క నుంచి గడ్డిమోపు మోసుకొచ్చినదాన్ని. పాములకు భయపడ్డాను గానీ చచ్చినవాళ్లకు కాదు. యాభై దాటాక నేర్చిన అక్షరాలతో రాస్తున్నాను. అల్లి రాయడం నాకు రాదు, ఉన్నదే రాస్తాను.

శామీర్‌పేట దగ్గర ఒక పరిశోధన కేంద్రంలో గాజు సామాన్లు కడగడం నా పని. అక్కడ సౌజన్య అనే కాకినాడ పిల్ల రాగితో ఒక తెల్లటి పొడి చేసింది. చీకటి పెట్టెలో యూవీ లైటు వేస్తే అది పసుపుపచ్చగా వెలగాలి. చల్లబరిస్తే ఒక రంగు, నూరితే ఇంకో రంగు, పక్కన ఏ ఆవిరి ఉంటే ఆ తీరు. చుట్టూ ఉన్నదాన్ని బట్టి మారిపోతుందని చెప్పింది. మా చిన్న కోడలూ అంతే అన్నాను.

కొత్తగా చేసిన సీసాలోని పొడి వెలగడం లేదు. మూడు రోజుల్లో పెద్దసారు వచ్చి చూస్తాడు. వెలగకపోతే ఏడాది పని పక్కన పెట్టి వేరేది మొదలుపెట్టాలి. పిల్లకు అన్నం సయించడం లేదు.

ఆ ఉదయం ఆమె పెట్టెలోకి చూస్తుండగా, నేను పక్కన బీకర్లు సర్దుతున్నాను. పొడి వెలిగింది. నేను బయటికి పోతే ఆరింది. తిరిగొస్తే మళ్లీ వెలిగింది.

సౌజన్య ముందు నా చేతులు వాసన చూసింది. పొద్దున్నే వాకిట్లో పేడనీళ్లతో సానుపు చల్లి వచ్చాను. ఆ ఆవిరే పొడికి తగులుతోందని తేల్చి, గిన్నెలో పేడ తెప్పించి పెట్టె పక్కన పెట్టింది. గది కంపు కొట్టింది, పొడి మాత్రం వెలగలేదు. నా కొబ్బరినూనె, తమలపాకు, సున్నం, చివరికి నా పాత చీర కూడా విడివిడిగా పెట్టి చూసింది. లాభం లేదు. మర్నాడు తలస్నానం చేసి, ఆకు నమలకుండా, కొత్త చేతొడుగులు వేసుకుని రమ్మంది. వచ్చాను. వెలిగింది.

నాకు గండిమైసమ్మ పూనిందని అక్కడి పిల్లలు నవ్వారు. నాకు మోకాళ్ల నొప్పి తప్ప ఏదీ పూనలేదని చెప్పాను.

పెద్దసారు వచ్చిన రోజు మాలాంటి పనివాళ్లను బయటే ఉండమన్నారు. అరగంటకు సౌజన్య తలుపు తీసింది. మొహంలో నెత్తురు లేదు.

"పెద్దమ్మా, ఒక్కసారి లోపలికి రండి."

"నేనొస్తె మీ సారు ఏమంటడో బిడ్డా."

"ఏమన్నా అననివ్వండి."

వెళ్లి నిలబడ్డాను. వెలిగింది. సారు నన్ను ఏడుసార్లు బయటికి పంపి ఏడుసార్లు పిలిచాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని, ఈ పని ఆపొద్దని సౌజన్యకు చెప్పాడు.

ఆమె నోటుబుక్కులో గది వేడి, తేమ రాసి, వాటి కింద నా పేరు రాసింది. కారణం తెలియనిది కూడా రాయాలట.

తర్వాత చేసిన పొడులు ఎవరి ముందైనా వెలుగుతున్నాయి. ఆ ఒక్క సీసా మాత్రం నేను లేకపోతే వెలగదు. ఎందుకో సారుకు తెలియదు, నాకూ తెలియదు. తెలిసిందల్లా ఒకటే, ఇప్పుడు నాకు సెలవు అడిగితే ఎవరూ ఇవ్వడం లేదు.