మేస్త్రీ కళ్ళం

ఆషాఢ శుద్ధ నవమి, బుధవారం. మబ్బు పట్టింది, చినుకు లేదు. పొద్దున నారుమడి గట్టు చెక్కాను. పార కడుగుతుండగా ఏర్పేడు నుంచి వచ్చిన బండివాడు చెప్పాడు, వ్యవసాయ శాఖ మేస్త్రీ మొన్న గూడూరులో జ్వరంతో పోయాడని. నారు పోసే వారంలోనే పోవాలా ఈ మనిషి? నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు, విసుగు. ఆయన ఉన్నన్నాళ్ళూ నాకు అలవాటైనది అదే.

యుద్ధం వచ్చి బర్మా బియ్యం ఆగిపోయాక ఆయన మా ఊళ్ళకు కొత్త వడ్లు తెచ్చాడు. వాటికి పేరు లేదు, శాఖవాళ్ళు పెట్టిన నంబరే; నంబరు వడ్లు అనేవాళ్ళం. ఒక్కో చోట ఐదారు పోచలు కుక్కవద్దు, ఒకటే నాటండి అని గట్టు మీద నిలబడి రోజంతా అరిచేవాడు. మడిలో వంగిన ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"మీ ఇంట్లో అన్నం గూడా ఒక్కొక్క మెతుకే వడ్డిస్తారా సామీ?"

"బిడ్డల్ని కన్నోళ్ళు గదమ్మా, ఇరుకులో బిడ్డ పెరగదని మీకు నేను జెప్పల్లా?"

వాళ్ళు నవ్వేవారు. ఆయన అటు తిరగగానే మళ్ళీ గుప్పెడు గుచ్చేవారు. ఆయన మడిలోకి దిగి పీకేవాడు. మా పని సాగేది కాదు.

మొదటి సంవత్సరం నా ఒక్క మడికే విత్తనం ఇచ్చాడు. పండినదాన్ని మేం తినకూడదు, ఇంకో ఆరు ఇళ్ళకు విత్తనంగా పంచాలి. వేరుగా కోసి, వేరుగా కొట్టి, కళ్ళంలో ఓ పక్క వేరే కుప్ప పోశాను. భోజనం చేసి వచ్చేసరికి ఆ కుప్ప లేదు. నాయన దాన్ని మా పాత ఎర్ర వడ్ల రాశిలో కలిపేశాడు. సరిగ్గా అప్పుడే మేస్త్రీ గోనెసంచులు చంకన పెట్టుకొని వచ్చాడు.

"ఇత్తనాల కుప్ప యాడప్పా?"

నేను ఎర్ర వడ్ల రాశి వైపు చూశాను. నాయనే చెప్పాడు: "ఒక కళ్ళంలో రెండు కుప్పలుంటే అన్నదమ్ములు ఏరుపడినారంటారు. వీడూ, వీళ్ళన్నా నా కండ్ల ముందరే ఏరుపడల్లా?"

మేస్త్రీ గోనెలు కింద పడేశాడు. "నీ కొడుకులు కలిసే కాపరం చేయనీ పెద్దాయనా. వడ్లతో ఎందుకు చేయిస్తివి?"

ఆ తర్వాత ఒక్క మాట తిట్టలేదు. ఆయన తిట్టకపోవడం అదే మొదటిసారి. మడి మూలలో తడి ఆరక కొంచెం పైరు కోయకుండా వదిలామని మెల్లగా చెప్పాను. చెప్పులు విప్పి దిగిపోయాడు. మోకాటి లోతు బురదలో కంకి కంకీ చూసి తెంపాడు. పొద్దు వాలేదాకా తెంపితే ఒక చేట నిండింది. ఆ చేటెడు మళ్ళీ నా ఒక్క మడికే సరి; ఆరు ఇళ్ళవాళ్ళూ ఇంకో సంవత్సరం ఆగవలసి వచ్చింది. వాళ్ళు నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను.

మరుసటి కోతకు నాయనే చేను అవతలి చివర ఇంకో కళ్ళం అలికించాడు. "ఇది మేస్త్రీది" అన్నాడు. ఊరు అనుకోవలసిందే అనుకుంది. పంపకాలు చేయించడానికి మా మేనమామ తలపాగా చుట్టుకొని మరీ వచ్చాడు. ఏమీ లేదని నమ్మించి పంపేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. కానీ ఆరు ఇళ్ళకూ విత్తనం వెళ్ళింది. ఈ రోజు ఆ ఇళ్ళలో రెండు పూటలా అన్నం ఉడుకుతున్నది.

ఆ మాట ఆయనతో ఒక్కసారీ అనలేదు. వచ్చినప్పుడల్లా, ఈసారి ఏం తప్పు పట్టబోతున్నాడో అని చూడటమే సరిపోయింది.

సాయంత్రమైంది. విత్తనాలు నానబెట్టాలి. బాన నింపి పిలిస్తే నాయన రాడు. వసారాలో గోనె విప్పుకొని, పిడికెడు వడ్లు అరచేతిలో పరిచి, కంటికి దగ్గరగా పెట్టుకొని చూస్తున్నాడు. ఎర్రది ఒకటి దొరికిందట. "ఉండరా, ఇంకొకటి ఉండాది" అంటున్నాడు. నేను బాన దగ్గర కూర్చొని ఇది రాసుకుంటున్నాను.