కరెంటు లేని మిల్లులో కరెంటు పోయిన రాత్రి

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది, చెప్పడం ఆపేస్తాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకే జరిగింది. నా కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేద్దామంటే, అది కూడా ఆ రాత్రి నా పక్కనే ఉంది. పైగా దాని ఫోన్లో రికార్డు ఉంది. అనుమానం ఉన్నవాళ్ళు మా ఇంటికొచ్చి వినండి. టీ నేనే పోస్తాను.

మాది సిరిసిల్ల. మానేరు ఒడ్డున ఒక బట్టల మిల్లు ఉండేది. మరమగ్గాలను మేం సాంచెలంటాం. ఆ మిల్లులో వరసలు వరసలుగా సాంచెలు, రాత్రీ పగలూ ఒకటే చప్పుడు. నా పెనిమిటి మల్లేశం అక్కడ సాంచెలు నడిపేవాడు. నేను సాంచెలకు కావలసిన దారం కండెలు చుట్టేదాన్ని. తర్వాత మిల్లు మూతపడింది. సాంచెలను పాత ఇనుము కింద లారీల్లో ఎత్తుకుపోయారు. కరెంటు వైర్లు కూడా పీక్కుపోయారు. మల్లేశం బొంబాయి దగ్గరి భీవండికి సాంచెల పనికే పోయాడు. మా గల్లీ మగవాళ్ళలో కొందరు అతని వెంట పోయారు, కొందరు కోరుట్లలో ఏజెంటును పట్టుకుని గల్ఫ్ పోయారు. నేనూ, నా కూతురు శిరీషా ఒక్క కిరాయి అర్రలో మిగిలాం. వాన పడిందంటే మా గిన్నెలన్నీ నేల మీదే ఉండేవి, కారే చోటల్లా ఒకటి. అన్నం వండాలంటే ఖాళీ గిన్నె కోసం వెతుక్కోవాలి.

అట్లాంటప్పుడు ఆ మిల్లు జాగాలో పేదలకు ఇళ్ళు కడతామని కబురొచ్చింది. వార్డు సభ పెట్టి జనాన్ని అడుగుతారట. ఎక్కువ చేతులు లేస్తే ఇళ్ళు. లేకపోతే ఆ ఇళ్ళు ఇంకో ఊరికి పోతాయి. ఫోన్లో మల్లేశానికి చెప్పాను.

"ఇల్లచ్చిందంటే నేనచ్చినట్టే సత్తవ్వా" అన్నాడు. "పిల్ల పెద్దగైంది. ఆ ఒక్క అర్రల ముగ్గురం ఎట్ల పండుతం?"

నాకు కావలసింది గోడలు కాదు. ఇల్లు వస్తే మనిషి వస్తాడు. అంతే.

అందరూ చేతులెత్తుతారనుకున్నాను. ఎక్కడ! గల్లీ రెండుగా చీలిపోయింది. అవతలి పక్షానికి కనకయ్య మామ పెద్ద. చుట్టం కాదు, వరసకు మామ. ఆ మిల్లులో అందరికంటే పాత కార్మికుడు. సంవత్సరాలుగా మిల్లు తెరవమని తిరగని ఆఫీసు లేదు.

"ఇండ్లు కట్టిచ్చి ఏం జేస్తరు?" అనేవాడు. "ఇంట్ల పంటె బువ్వొస్తదా? మిల్లు తెరువుమనాలె. మిల్లు తెరిస్తె పోయినోళ్ళు ఆళ్ళే మర్లొస్తరు."

"మామా, మిల్లు ఎప్పుడు తెరుస్తరో నాకు తెల్వది. నా ఇల్లు కురుసుడైతె నాకెరుకే" అనేదాన్ని.

ఆయన చెప్పింది తప్పు కాదు. నా ఒళ్ళు మండింది అందుకే. కానీ ఆయన దగ్గర ఇంకో మాట ఉంది. ఆ మాటే కొంప ముంచింది. రాత్రిళ్ళు మానేరు వాగు దిక్కు పోతే, ఖాళీ మిల్లులోంచి సాంచెలు నడుస్తున్న చప్పుడు వస్తుందని గల్లీ అంతా చెప్పాడు. చెవులారా విన్నానన్నాడు. దాంతో నా పక్షం ఆడవాళ్ళు కూడా వెనక్కి తగ్గారు. దయ్యాల జాగాలో పిల్లలను పండబెట్టాలా అన్నారు.

సభకు ముందురోజు, నల్లా దగ్గర, నాకు తిక్కరేగింది. బిందె కింద పెట్టి అరిచాను.

"ఇయ్యాల రాత్రి నేను ఆ మిల్లుల్నే పంట! పొద్దుగాల లేచొస్తె రేపు అందరు చేతులెత్తాలె. లేవకపోతె నా గిన్నెలన్ని మీరే పంచుకోండ్రి!"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. బిందె నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు వేశాక గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు.

లచ్చవ్వ నా వెంట వస్తానంది. కండెలు చుట్టేటప్పుడు నా పక్కన కూర్చునేది తనే. "మా ఇంట్లనూ దోమలే, గాడనూ దోమలే. ఏడవంటె ఏంది?" అంది. కనకయ్య మామ కూడా బయల్దేరాడు. "మీరిద్దరే పోయి, ఏం లేదని చెప్తె ఎట్ల నమ్మాలె? నేనస్త" అన్నాడు. డిగ్రీ చదివే మా శిరీష ఫోను చూపించింది. "రాత్రంత రికార్డు పెడత. అప్పుడు ఎవ్వల నోరు లేవది" అంది.

పండగకు పోతున్నట్టు పోయాం. సర్వపిండి చేశాను, లచ్చవ్వ పల్లీలు వేయించుకొచ్చింది. కనకయ్య మామ చంకలో కల్లు సీసా కనిపించింది. లచ్చవ్వ లాక్కుంది.

"గిది తాగినవంటె రేపు నీ మాట కుక్క గూడ నమ్మది మామా."

పాపం, ఆయన మూత కూడా తీయకుండా దాన్ని గేటు బయట పెట్టాడు. అందుకే చెబుతున్నాను, ఆ రాత్రి మాలో ఎవరూ తాగలేదు.

మిల్లు లోపల రేకులు సగం లేవు. పైనుంచి వెన్నెల పడుతోంది. సాంచెలు బిగించిన బోల్టులు మాత్రం నేలలో అట్లాగే ఉన్నాయి, వరసగా. కనకయ్య మామ వాటిని లెక్కపెట్టుకుంటూ పోయి, మూడో వరసలో ఒక కంబం దగ్గర ఆగాడు. "గిదే నా జాగ" అని గోనెసంచి పరిచాడు. నేనూ లచ్చవ్వా మేం కండెలు చుట్టిన మూలకే పోయాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు... ఎవరి చోటికి వాళ్ళం పోయాం.

తిన్నాం. నవ్వుకున్నాం. సాంచెల చప్పుడులో మాట వినపడేది కాదు కదా, అన్నీ చేతి సైగలే. లచ్చవ్వ లేని మీసం మెలేసి చూపించింది. మిల్లు యజమాని సేటు వస్తున్నాడని దాని అర్థం. అంతే, కనకయ్య మామ దిగ్గున లేచి, లేని సాంచె దగ్గర బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు. శిరీష పొట్ట పట్టుకుని నవ్వింది. మిల్లు మూతపడ్డాక నేను అంతగా నవ్వింది ఆ రాత్రే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాతిది మీకు అర్థం కాదు. సాంచెల వాళ్ళకు చప్పుడే జోలపాట. వరసంతా దడదడలాడుతుంటే పక్కనే గుర్రు పెట్టి పండుకుంటారు. అది ఆగిందా... టక్కున లేస్తారు. కరెంటు పోయిందంటే మిల్లంతా ఒక్కసారి లేచి కూర్చునేది. అందుకే మిల్లు మూసిన కొత్తలో మా గల్లీలో ఎవరికీ నిద్ర లేదు. కనకయ్య మామకైతే ఆ నిద్ర మళ్ళీ రానే లేదు. రాత్రిళ్ళు వాగు ఒడ్డున ఆయన తిరగడం అందుకే.

సరే. పండుకున్నాం. శిరీష గోడకు ఆనుకుని ఫోను పట్టుకుని కూర్చుంది. భయానికి నాకు రెప్ప పడదనుకున్నాను. ఎప్పుడు పడిందో తెలియదు.

తర్వాత...

నాకు మెలకువ వచ్చింది. ఎవరూ లేపలేదు. కల లేదు. కేక లేదు. టక్కున లేచి కూర్చున్నాను. చెవుల్లో ఖాళీ... పెద్ద చప్పుడు ఆగిపోయాక ఉంటుందే, ఆ ఖాళీ. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"కరెంటు పోయింది."

అన్నది నేను ఒక్కదాన్నే కాదు. పక్కన లచ్చవ్వ. అక్కడ కంబం దగ్గర కనకయ్య మామ. ముగ్గురం... ఒకే మాట... ఒకేసారి.

"కరెంటు పోయింది."

వెన్నెల్లో కనకయ్య మామ కూర్చుని ఉన్నాడు. ఆయన కుడి చెయ్యి గాలిలో ముందుకు చాచి ఉంది. సాంచె హ్యాండిల్ ఉండాల్సిన చోట. ఆ చేతిని ఆయనే చూసుకుంటున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. అప్పుడు తట్టింది నాకు. ఏ కరెంటు? వైరు లేదు. మీటరు లేదు. సాంచె లేదు. పోవడానికి ఏముందక్కడ?

తడుముకుంటూ శిరీష దగ్గరికి జరిగాను.

"అమ్మా... ముగ్గురు ఒక్కపారే లేచిండ్రేంది?" శిరీష గొంతు సన్నగా వచ్చింది.

"ఏమన్న చప్పుడైందా బిడ్డా?"

"ఏం కాలే. కప్పలే అరుస్తున్నయి."

"ఇప్పుడు గాదు. అంతకు ముందు?"

"అంతకు ముందు గూడ ఏం లేదు. నేను మేలుకొనే ఉన్న. మీ గుర్రు తప్ప ఏం ఇనరాలే."

మెల్లగా అరచెయ్యి నేల మీద పెట్టాను. వణుకుతోంది... సన్నగా... అప్పుడే ఆగిన సాంచె కింది నేలలా. వణికింది నేలా, నా చెయ్యా? ఇప్పటికీ చెప్పలేను. ఒకటి మాత్రం నిజం. ఆ రాత్రి సాంచెలు నడవడం మాలో ఎవరూ వినలేదు. ఆగడం ముగ్గురం విన్నాం.

చివరికి లచ్చవ్వ ఆవలించింది.

"ఇగ పండుండ్రి. కరెంటొచ్చినంక సేటే లేపుతడు" అంది.

భయంలోనే నవ్వొచ్చింది. ఒకరిని చూసి ఒకరం, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాం. నమ్మండి నమ్మకపోండి, మళ్ళీ పండుకున్నాం కూడా. ఎండ ముఖం మీద పడేదాకా లేవలేదు.

సభకు గల్లీ అంతా వచ్చింది. వచ్చిన అధికారి నన్నే అడిగాడు. "ఏమమ్మా, దయ్యం కనిపించిందా?" అందరూ నవ్వారు. దయ్యమైతే కనిపించలేదు. కానీ ఏమీ జరగలేదని అంత జనంలో ఎట్లా చెప్పను? నిజం చెబితే నా ఇల్లు మానేరులో కలుస్తుంది, మల్లేశం భీవండిలోనే ఉండిపోతాడు. నేను నోరు తెరిచేలోపే ముందు వరసలోంచి కనకయ్య మామ లేచాడు. తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. ఇక అయిపోయింది అనుకున్నాను.

"దయ్యం లేదు, గియ్యం లేదు సారూ. నేనిన్న చప్పుడు నా చెవులల్లదే" అన్నాడు. "మిల్లు మూసిన కాన్నుంచి నాకు నిద్ర లేదు. రాత్రంత వాగొడ్డుకు తిరుగుడే. రాత్రి గాడ పన్న... గంత నిద్ర ఎన్నేండ్లకు వట్టిందో. నాకు గూడ గాన్నే ఒక ఇల్లియ్యుండ్రి. మూడో వరస, కంబం పక్కపొంటి."

షామియానా ఎగిరిపోయేంత నవ్వులు.

"గని ఒక షెడ్డు ఇడిసిపెట్టుండ్రి. పది సాంచెలు పట్టేంత" అన్నాడు మళ్ళీ. అధికారి చూద్దామన్నాడు. ఆ షెడ్డు సంగతి ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. ఇళ్ళకు మాత్రం చేతులు లేచాయి. లచ్చవ్వ రెండు చేతులూ ఎత్తింది, ఒకటి దించమ్మా అని చెప్పాల్సి వచ్చింది.

బయటికొచ్చాక ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. "మామా, ఎందుకు చెప్పలే?"

"ఏం జెప్పాలె? ఆగిందని చెప్పాల్నా? రాత్రి నడిచింది ఎవలిన్నరు?" అన్నాడు. "నేను అబద్ధమాడలే పిల్లా. నిద్ర వట్టింది నిజం గాదా?"

ఆ రికార్డు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కప్పలు. మూడు గుర్రులు. మూడోది నాదేనట, ఒప్పుకోక తప్పలేదు. ఒకచోట మూడు గుర్రులూ కత్తిరించినట్టు ఒకేసారి ఆగుతాయి. ఆ వెంటనే మూడు గొంతులు. దానికి ముందు ఎంత పెద్దగా పెట్టి విన్నా ఏమీ లేదు.

ఆలస్యంగానైనా మిల్లు జాగాలో ఇళ్ళు లేచాయి. మాకొకటి, మా పక్కనే కనకయ్య మామకొకటి వచ్చింది. మల్లేశం రెండు సంచులతో, ఒక కొత్త కుక్కరుతో భీవండి నుంచి దిగాడు. చప్పుడు లేకపోతే నిద్ర పట్టదని కూలర్ కొంటానన్నాడు. మొదటి రాత్రే మొద్దులా పండుకున్నాడు, కూలర్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ రాత్రి సంగతి అతనికి నేను అప్పట్లో చెప్పలేదు. భయపడి మళ్ళీ పోతాడేమోనని, చెప్పొద్దని శిరీష దగ్గర మాట కూడా తీసుకున్నాను.

కొన్నాళ్ళకు ఒక రాత్రి నాకు టక్కున మెలకువ వచ్చింది. చెవుల్లో అదే ఖాళీ. లేచి కూర్చునేసరికి మల్లేశం అప్పటికే కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ముందుకు చాచి...

"కరెంటు పోయిందా?" అన్నాడు.

తలెత్తి చూశాను. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

అంతలో గోడ అవతలి నుంచి, పక్కింట్లోంచి, కనకయ్య మామ గొంతు. నిద్రమత్తులో, నింపాదిగా.

"అచ్చింది... అచ్చింది. పండుండ్రి."

మల్లేశం చెయ్యి దించి అటు తిరిగాడు. మరుక్షణమే గుర్రు మొదలైంది. ఎక్కడికి పోయింది, ఎక్కడి నుంచి వచ్చింది... నాకైతే ఇప్పటికీ తెలియదు. తెలుసుకుందామని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఒట్టు... అంతలో నాకూ నిద్ర ముంచుకొచ్చింది.